ఆల్మన్ బ్రదర్స్ కథ 1971లో కంచికి వెళ్లలేదు

అమెరికన్ రాక్ సంగీతం గురించి నాలుగు ముక్కలు తెలిసినవాళ్లెవరిని కదిపినా ఆల్మన్ బ్రదర్స్ బ్యాండ్ మీద ఒకటే తీర్పు: డ్వేన్ ఆల్మన్ పోయాడు, దాంతో బ్యాండూ పోయింది. గిటారు పాఠాలు చెప్పేవాళ్లు అదే అంటారు, పాత రికార్డులు పోగేసేవాళ్లు అదే అంటారు. వాళ్ల దగ్గర విన్న కుర్రాళ్లు మరో పదిమందికి అప్పజెబుతారు. యాభై ఏళ్లకు పైగా నలిగిన మాట గనక అది నిజమై ఉంటుందని అందరి నమ్మకం. నిజం కాదు. అందులో సగం కూడా నిజం కాదు.

ముందు ఆ వాదాన్ని దాని బలం తగ్గించకుండా చెప్పాలి. 1969 మార్చిలో ఫ్లోరిడా రాష్ట్రం జాక్సన్‌విల్‌లో ఆరుగురు కలిశారు. కొన్నాళ్లకే జార్జియాలోని మేకన్‌కు కాపురం మార్చారు. కూర్చినవాడు, నడిపినవాడు డ్వేన్. అప్పటికే మజిల్ షోల్స్ స్టూడియోలో విల్సన్ పికెట్ పాటకు గిటారు వాయించి గాయకుల కంట్లో పడ్డాడు. మరుసటి ఏడాది ఎరిక్ క్లాప్టన్ తన 'లైలా' రికార్డింగులో పక్కన కూర్చోబెట్టుకున్నాడు. 1971 మార్చి 12, 13 తేదీల్లో న్యూయార్క్‌లోని ఫిల్మోర్ ఈస్ట్ హాల్లో వాయించినదాన్ని నిర్మాత టామ్ డౌడ్ రెండు రికార్డుల ఆల్బమ్‌గా తెచ్చాడు. కచేరీ రికార్డింగుల్లో దానికి సాటి వచ్చేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. జులైలో విడుదలైంది, అక్టోబర్‌లో గోల్డ్ అయింది. అదే అక్టోబర్ 29న మేకన్ వీధుల్లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో డ్వేన్ చనిపోయాడు. ఇరవై నాలుగేళ్లు. ఏడాది దాటి రెండు వారాలు కాకముందే, అదే ఊళ్లో, ఆ చోటికి కాస్త దూరంలోనే, అదే ఇరవై నాలుగేళ్ల వయసులో, మోటార్‌సైకిల్ మీదే బేస్ గిటారిస్టు బెరీ ఓక్లీ కూడా పోయాడు. ఆ తర్వాత మత్తుమందులు, కోర్టులు, కొట్లాటలు. 1976లో విడిపోయారు, మళ్లీ కలిశారు, 1982లో మళ్లీ విడిపోయారు. 2000లో మొదటినుంచీ ఉన్న గిటారిస్టు డికీ బెట్స్ లాంటివాణ్ని ఒక ఫ్యాక్స్ కాగితంతో పక్కన పెట్టారు. కాబట్టి మొదటి రెండున్నరేళ్లే సంగీతం, మిగతాదంతా చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం. ఇదీ వాదం.

ఇందులో తేదీలన్నీ నిజమే. ఆ తేదీల మధ్య వేసిన ముళ్లే తప్పు.

1. పోయింది 1971లో, పడింది 1975లో

డ్వేన్ లేకపోవడమే పతనానికి కారణమైతే ఆ పతనం 1972లో కనబడాలి. ఏం కనబడుతోంది? డ్వేన్ పోయి నెల తిరగకముందే మిగిలిన ఐదుగురూ వేదికెక్కారు. ఫిబ్రవరిలో వచ్చిన 'ఈట్ ఎ పీచ్' బిల్‌బోర్డ్ పట్టికలో నాలుగో స్థానానికి వెళ్లింది. 1973 ఆగస్టులో వచ్చిన 'బ్రదర్స్ అండ్ సిస్టర్స్' ఐదు వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. 'ర్యాంబ్లిన్ మ్యాన్' పాట రెండో స్థానం దాకా పాకింది. అంతకు కొద్ది రోజుల ముందు, జులై 28న, న్యూయార్క్ రాష్ట్రంలోని వాట్కిన్స్ గ్లెన్ మైదానంలో గ్రేట్‌ఫుల్ డెడ్, ద బ్యాండ్‌లతో కలిసి వాళ్లు వాయిస్తుంటే వినడానికి వచ్చిన జనం దాదాపు 6 లక్షలు.

జనం వచ్చినంత మాత్రాన కళ అవుతుందా అంటారు. అవ్వదు, ఒప్పుకుంటాను. అయితే అమ్మకాలు పక్కన పెట్టి వాయింపునే వినండి. డ్వేన్ చోట్లోకి ఇంకో గిటారిస్టును తేవడం అన్నిటికన్నా సులువైన దారి. వాళ్లు తేలేదు. ఇరవై ఏళ్ల పియానో కుర్రాడు చక్ లీవెల్‌ను తెచ్చారు. అంటే ఖాళీని పూడ్చలేదు, కట్టడాన్నే మార్చారు. అప్పటిదాకా స్లైడ్ గిటారు (తీగల మీద గొట్టం జార్చి వాయించడం, డ్వేన్ చేసే పని) జోలికి పెద్దగా పోని బెట్స్ ఆ పని నెత్తికెత్తుకున్నాడు. 'ఈట్ ఎ పీచ్' మొదటి పాటలో వినిపించే స్లైడ్ అతనిదే. ఇక 'జెస్సికా'. రెండే వేళ్లు సరిగా పనిచేసే ఎడమచేత్తో గిటారు ప్రపంచాన్ని ఏలిన జాంగో రైన్‌హార్ట్‌కు నమస్కారంగా, తానూ రెండు వేళ్లతో వాయించగల బాణీ కట్టాలని బెట్స్ కూర్చున్నాడు. నేల మీద పాకుతున్న తన చంటి కూతురి పేరే దానికి పెట్టాడు. మధ్యలో బాణీని పియానో అందుకుని, చాలాసేపు తనదిగా నడిపి, గిటారుకు అప్పగించే తీరు ఫిల్మోర్ రికార్డులో ఎక్కడా లేదు. ఉండే అవకాశమూ లేదు, అప్పుడు పియానోకు మనిషే లేడు. చచ్చిపోయిన బ్యాండ్ కొత్త వాద్యంతో కొత్త పద్ధతి కనిపెట్టడమేమిటి?

మరి పతనం రాలేదా అంటే వచ్చింది, దారుణంగా వచ్చింది. 1975 నాటి 'విన్, లూజ్ ఆర్ డ్రా' పేలవమైన రికార్డు. ఎందుకయింది? డబ్బు వెల్లువలా వచ్చిపడింది. వ్యాను పోయి అద్దె జెట్ విమానం వచ్చింది. గ్రెగ్ (డ్వేన్ తమ్ముడు, బ్యాండ్ గాయకుడు), బెట్స్ ఎవరి సొంత ఆల్బమ్‌లు వాళ్లు చేసుకున్నారు. గ్రెగ్ మకాం లాస్ ఏంజెలస్‌కు మారింది; వాద్యాలు మేకన్‌లో, గొంతు లాస్ ఏంజెలస్‌లో రికార్డయ్యాయి. ఒకరి కళ్లు ఒకరు చూస్తూ వాయించడమే వృత్తిగా పెట్టుకున్నవాళ్లు రెండు తీరాల్లో కూర్చుని పాట అతికించుకుంటే ఏమవుతుందో అదే అయింది. 1976లో ఒక మత్తుమందుల కేసులో, తన దగ్గర పనిచేసిన మనిషికి వ్యతిరేకంగా గ్రెగ్ కోర్టులో సాక్ష్యం చెప్పాడు. మిగతావాళ్లు మొహం తిప్పేసుకున్నారు. 1976లో జరిగినదానికి 1971లో జరిగినదాన్ని పూచీగా నిలబెట్టడం సౌకర్యమే గాని చరిత్ర కాదు.

2. ఆరుగురిలో ఐదుగురు ఎక్కడికి పోయారు?

నన్ను నిజంగా చిరాకు పెట్టేది ఇది. 'యట్ ఫిల్మోర్ ఈస్ట్'ను డ్వేన్ రికార్డుగా చెప్పుకునేవాళ్లు ఆ రికార్డు అట్ట తిప్పి చూశారా? అందులో ఏడు పాటలు. నాలుగు పాత బ్లూస్ పాటలు. 'హాట్‌లాంటా' ఆరుగురూ కలిసి కట్టింది. 'ఇన్ మెమరీ ఆఫ్ ఎలిజబెత్ రీడ్' బెట్స్‌ది. మేకన్ రోజ్ హిల్ శ్మశానంలో ఒక సమాధి రాయి మీది పేరు తీసి పెట్టాడు. 'విప్పింగ్ పోస్ట్' గ్రెగ్‌ది. డ్వేన్ ఒక్కడే కట్టినది ఒక్కటీ లేదు. ఈ బ్యాండ్‌తో చేసిన రికార్డుల్లో అతని ఒక్కడి పేరున ఉన్నది 'లిటిల్ మార్తా' అనే చిన్న గిటారు తునక మాత్రమే.

'విప్పింగ్ పోస్ట్' ఇరవై మూడు నిమిషాలు. ఎవరితో మొదలవుతుంది? ఓక్లీ బేస్‌తో. ఒంటరిగా. మూడు, మూడు, మూడు, రెండు: పదకొండు మాత్రల ఆవర్తం. చివర్లో ఒక మాత్ర తగ్గడం వల్ల ప్రతి చుట్టుకీ ఎవరో వెనకనుంచి తోసినట్టు ముందుకు ఉరుకుతుంది. దాని మీదికి ఒక్కొక్క వాద్యం ఎక్కుతుంది. గొంతు అందుకునేసరికి లెక్క పన్నెండుకు సర్దుకుంటుంది. ఆ ఎత్తుగడ పదకొండు మాత్రలదని కట్టిన గ్రెగ్‌కే తెలియదట, అన్న చెబితే తెలిసిందట. రాత్రి కాగితం చేతికందక, కాల్చిన అగ్గిపుల్లల బొగ్గుతో ఇస్త్రీ బల్ల మీది గుడ్డపై ఆ పాట మాటలు రాసుకున్నానని గ్రెగే చెప్పుకున్నాడు. మొదటి సోలో డ్వేన్‌ది, సరే. రెండోది బెట్స్‌ది. ఆ తర్వాత లయ కరిగిపోయి, ఎటు పోతుందో తెలియని నడిసంద్రంలో పాట తేలుతున్నప్పుడు దాన్ని మునగకుండా పట్టుకున్నది ఇద్దరు డ్రమ్మర్లు. బుచ్ ట్రక్స్ రైలుబండిలా నేరుగా తోసుకుపోయేవాడు. జేమో ఆ పట్టాల చుట్టూ అల్లుకుంటూ, సందుల్లో దరువు వేసేవాడు.

జేమో గురించి రెండు మాటలు ఎక్కువే చెప్పాలి. ఈ బ్యాండ్‌లో డ్వేన్‌తో మొట్టమొదట జట్టు కట్టినవాడు అతనే. ఓటిస్ రెడింగ్ లాంటి గాయకుల వెనక డ్రమ్స్ వాయించి వచ్చిన నల్లజాతి కళాకారుడు. మైల్స్ డేవిస్, జాన్ కోల్ట్రేన్ రికార్డులు మిగతావాళ్లకు వినిపించింది అతను. ఒకే స్వరపంక్తి మీద నిలిచి పది నిమిషాలు విస్తరించే ఆ తీరు, 'ఎలిజబెత్ రీడ్' నడిచే తీరు, ఆ వినికిడిలోంచి వచ్చింది. అంటే దేన్ని పట్టుకుని డ్వేన్ ప్రతిభ అని మురిసిపోతున్నామో దాని వేరు జేమో రికార్డుల పెట్టెలో ఉంది. 1969లో జార్జియాలో నల్లవాళ్లు, తెల్లవాళ్లు ఒకే ఇంట్లో ఉండి, ఒకే వ్యాన్‌లో తిరిగి, ఒకే బల్ల మీద తినడం మామూలు సంగతి కాదు. ఓక్లీ పోయాక బేస్ అందుకున్న లమార్ విలియమ్స్ కూడా నల్లవాడే, వియత్నాం యుద్ధానికి వెళ్లొచ్చినవాడు. బ్యాండ్ పేరులో ఇద్దరు తెల్ల అన్నదమ్ములే ఉన్నారు. కథలో వాళ్లలోనూ ఒక్కణ్నే మిగిలిస్తే, ఆ బ్యాండ్ అప్పటి దక్షిణాదిలో చేసిన పెద్ద పని కనబడకుండా పోతుంది.

డ్వేన్‌కు స్వయంగా ఈ లెక్క తెలుసు. తానొక్కడే ముందు నిలబడే ముగ్గురి బ్యాండ్ పెట్టుకోమని అతని చుట్టూ ఉన్నవాళ్లు కోరారు. అతను పోయి తనకు దీటుగా వాయించే ఇంకో గిటారిస్టును, ఒకడు చాలనిచోట ఇద్దరు డ్రమ్మర్లను తెచ్చుకున్నాడు. ఫిల్మోర్ రికార్డు అట్ట వెనకవైపు ఫొటోలో ఉన్నది బ్యాండ్ కాదు, సామాన్లు మోసే కుర్రాళ్లు. తన మీదే బరువంతా ఆనని కట్టడం కావాలని కోరి కట్టినవాణ్ని, ఆ కట్టడానికి ఏకైక స్తంభంగా పూజించడం భక్తి కాదు, అతను చేసిన పని అర్థం కాకపోవడం.

3. "జామ్ అంటే ఒక మేధావి ఇష్టారాజ్యం"

దీని మీద ఎక్కువ ఖర్చు పెట్టను. జామ్ అంటే వేదిక మీద అప్పటికప్పుడు కలిసి అల్లుకుంటూ వాయించడం. ఒక మహానుభావుడు ఉంటే జామ్, లేకపోతే కాలక్షేపం అని ఈ వాదం లోపలి నమ్మకం. కర్ణాటక కచేరీలో మనోధర్మం అంటే ఏమిటో తెలిసిన మనకు ఇందులో లోపం ఎవరూ చెప్పనక్కరలేదు. గాయకుడు ఎంత దూరం వెళ్లినా పల్లవి ఎత్తుగడకు తిరిగి వచ్చి దిగుతాడు. ఆ చోటు మృదంగం వాయించేవాడికీ తెలుసు, వయొలిన్ పట్టినవాడికీ తెలుసు. ఆల్మన్లదీ అంతే. డోనవన్ పాటలోని చిన్న బాణీ ముక్క మీద అల్లిన 'మౌంటెన్ జామ్' ముప్పై మూడు నిమిషాలు నడుస్తుంది. అంతసేపు నిలబడిందంటే పద్ధతి ఉంది గనకే. పద్ధతి ఉన్నది ఇంకొకరికి నేర్పొచ్చు. నేర్పారు కూడా.

ఫిల్మోర్ రికార్డు చివర 'విప్పింగ్ పోస్ట్' ముగుస్తూండగా బుచ్ ట్రక్స్ టింపనీ మోగడం మొదలవుతుంది, అక్కడితో శబ్దం సన్నగిల్లి రికార్డు అయిపోతుంది. ఆ దరువు 'మౌంటెన్ జామ్' మొదలని శ్రోతలకు తెలిసింది మరుసటి ఏడాది, డ్వేన్ పోయాక వచ్చిన 'ఈట్ ఎ పీచ్'లో. 1971ని గీతగా గీసి ఇటు సంగీతం, అటు వ్యాపారం అని పంచేవాళ్లు ఆ దరువును ఏ వైపు పెడతారు?

4. కాయలమ్ముకున్నది ఎవరు?

1979 నుంచి 1982 దాకా చేసిన పునరాగమనాన్ని నేను వెనకేసుకు రాను. 1980, 81 సంవత్సరాల ఆల్బమ్‌లు ఆ రోజుల రేడియో మోజుకు దాసోహమన్నవి. అయితే ఒక బ్యాండ్ నలభై అయిదేళ్ల జీవితానికి దాని రెండు అధ్వాన్నపు రికార్డులే ప్రమాణమనడం ఏ న్యాయం?

1989లో వారెన్ హేన్స్ గిటారుతో, అలెన్ వూడీ బేస్‌తో వచ్చారు. 1990లో 'సెవెన్ టర్న్స్', 1991లో 'షేడ్స్ ఆఫ్ టూ వరల్డ్స్', 1994లో 'వేర్ ఇట్ ఆల్ బిగిన్స్'. జ్ఞాపకాలు అమ్ముకునేవాడికి కొత్త పాటలతో పనేముంది? హేన్స్ రాసిన 'సోల్‌షైన్' ఇప్పుడు ఆ బ్యాండ్ పాటల్లో పాతవాటి సరసన కూర్చుంది. న్యూయార్క్ బీకన్ థియేటర్లో ఏటా వసంతంలో వారాల తరబడి వాయించే ఆనవాయితీ ఆ రోజుల్లోనే స్థిరపడింది. చివరికి అక్కడ రెండు వందల ముప్పైకి పైగా కచేరీలు చేశారు. మూడు వేల సీట్లు కూడా లేని హాలు. సాయంత్రానికో పాటల వరస. నిన్న విన్నవాడు ఇవాళ మళ్లీ టికెట్ కొని వచ్చేది నిన్న వినని దాని కోసం. గతాన్ని అమ్మే దుకాణంలో గిరాకీ దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంటుంది: అదే వరస, అదే నిడివి, రికార్డులో విన్నట్టే కావాలి.

బెట్స్‌ను తీసేసిన తీరును సమర్థించేవాణ్ని నేను కాను. ముప్పై ఏళ్లు కలిసి తిరిగినవాడికి ఫ్యాక్స్ పంపడం మొరటుతనం. కానీ ఈ సంఘటనను వాళ్ల వాదానికి రుజువుగా వాడతారే, అక్కడే తర్కం బోర్లా పడుతుంది. 'ర్యాంబ్లిన్ మ్యాన్', 'జెస్సికా' రాసినవాడు అతను. పాత పాటలు పాడి డబ్బు చేసుకోవడమే ధ్యేయమైతే, ఆ పాటల సొంతదారును ఎంత గొడవ పడినా వదులుకునే వ్యాపారి ఉంటాడా? ఆ నిర్ణయం మంచిదో చెడ్డదో కావచ్చు, కాయలమ్ముకునేవాడి నిర్ణయం మాత్రం కాదు.

ఇక డెరెక్ ట్రక్స్. బుచ్ సోదరుడి కొడుకు. 1979లో, డ్వేన్ పోయిన ఎనిమిదేళ్లకు పుట్టాడు. క్లాప్టన్, డ్వేన్ కలిసి వాయించిన డెరెక్ అండ్ ద డామినోస్ పేరులోంచే ఆ పేరు. పిల్లాడిగానే స్లైడ్ పట్టాడు, ఇరవయ్యేళ్లకు బ్యాండ్‌లో చేరాడు. చూశారా, నకలు కోసమే తెచ్చారని ఎగతాళి చేశారు. చెవి పెట్టి వినని ఎగతాళి అది. డెరెక్ పిక్ వాడడు, కుడిచేతి వేళ్లతోనే మీటుతాడు. కాలిఫోర్నియాలో అలీ అక్బర్ ఖాన్ పెట్టిన సంగీత కళాశాలలో హిందుస్థానీ నేర్చుకున్నాడు. మెట్లు లేని సరోద్ మీద స్వరం నుంచి స్వరానికి జారే గమకం అతని గాజు స్లైడ్ కింద స్పష్టంగా పలుకుతుంది. తర్వాత తన సొంత బ్యాండ్‌తో నుస్రత్ ఫతే అలీ ఖాన్ ఖవ్వాలీని రికార్డు చేసింది కూడా ఈ మనిషే. బ్లూస్ వాయించే మేకన్ పద్ధతిలోకి సరోద్ వచ్చి చేరింది, వచ్చినప్పుడు ఆ పద్ధతి చోటిచ్చింది. అతను, హేన్స్ కలిసి వాయించిన 2003 నాటి 'హిట్టిన్ ద నోట్' బెట్స్ లేని మొదటి స్టూడియో ఆల్బమ్. 1973 తర్వాత వాళ్లు చేసిన స్టూడియో రికార్డుల్లో అదే మేలైనదని నా అభిప్రాయం. కాదనేవాళ్లు విని కాదనాలి.

5. చావును శిఖరం చేసే కథ

ఈ మాట ఇంతగా ఎందుకు చెల్లుతోంది? చెప్పడానికి తేలిక గనక. ఇరవై నాలుగేళ్ల అందగాడు, మోటార్‌సైకిల్, అర్ధాంతరపు చావు: సినిమాకు తయారుగా ఉన్న కథ. ఆ కథకు నిజాలు చాలకపోతే కల్పిస్తారు కూడా. డ్వేన్ పీచ్ పండ్ల లారీని ఢీకొన్నాడు, అందుకే ఆల్బమ్‌కు 'ఈట్ ఎ పీచ్' అని పేరు అని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. శుద్ధ అబద్ధం. ఎదురైంది క్రేన్ ఉన్న లారీ. ఆ పేరు డ్వేన్ బతికుండగా ఒక ఇంటర్వ్యూలో అన్న మాటలోంచి తీసుకున్నది. మనిషి నోటి మాటను తుడిచేసి అతని చావునే పేరుగా అంటించారు. ఈ వాదం మొత్తం చేసే పనీ ఇదే.

నష్టం ఎవరికి? కచేరీలు చేసుకుంటూ ఊరూరా తిరిగే ప్రతి కళాకారుడికీ. ఇరవై నాలుగేళ్లకు పోతే దేవుడు, అరవై ఆరేళ్ల దాకా వాయిస్తే కాయలమ్ముకునేవాడు అని కొలిచే చోట బతికి ఉండటమే నేరమవుతుంది. గ్రెగ్ 2010లో కాలేయ మార్పిడి చేయించుకుని, లేచి, మళ్లీ బీకన్‌లో ఆర్గన్ ముందు కూర్చున్నాడు. అతని గొంతులో 1971లో నటించిన ముసలితనం అప్పటికి నిజంగా వచ్చింది, 'విప్పింగ్ పోస్ట్' అంతకంతా బరువెక్కింది. ఈ సంగతి రాసినవాళ్లు తక్కువ, "పాపం, అన్న నీడలో బతికాడు" అని రాసినవాళ్లు ఎక్కువ. బుచ్ ట్రక్స్, గ్రెగ్ ఇద్దరూ 2017లో పోయారు. బెట్స్ 2024లో పోయాడు. మొదటి ఆరుగురిలో మిగిలింది జేమో. డ్వేన్‌తో మొదట జట్టు కట్టినవాడే చివరిదాకా నిలిస్తే అతని పేరు తెలిసినవాళ్లు ఎందరు?

బ్యాండ్ ముగిసింది 2014 అక్టోబర్ 28న, బీకన్‌లో. ఏ లారీ అడ్డం రాలేదు, ఏ కోర్టూ పిలవలేదు. హేన్స్, డెరెక్ ఆ ఏడాది మొదట్లోనే తప్పుకుంటామని చెప్పారు. వాళ్ల బదులు ఇంకెవరినో పెట్టి బండి లాగించవచ్చు, లాగించకుండా ఆపేశారు. అర్ధరాత్రి దాటి 29 అయ్యేదాకా వాయించి, 1969లో తొలిసారి కలిసి సాధన చేసిన మడ్డీ వాటర్స్ పాటతో ముగించారు. 29 డ్వేన్ పోయిన తేదీ కదా, చూశారా అన్నీ మళ్లీ అతని దగ్గరికే అంటారు మన వాదులు. తేదీ చూసినవాళ్లు వేదిక మీద మనుషుల్ని కూడా లెక్కపెట్టాలి. ఏడుగురు: గ్రెగ్, బుచ్, జేమో, హేన్స్, డెరెక్, బేస్ మీద ఓటీల్ బర్‌బ్రిడ్జ్, తాళవాద్యాల మీద మార్క్ కిన్యోనెస్. ఈ ఏడుగురిలో నలుగురు డ్వేన్‌తో ఒక్క స్వరం కూడా వాయించినవాళ్లు కాదు, ఆ ఆఖరి కచేరీలో గిటార్లు రెండూ, బేసూ వాళ్లవే.